ఉత్తరం గోడకు పాచి, సన్‌షేడ్ల కింద నల్ల చారలు: మళ్ళీ రంగు వేయించాలా?

రంగు వేయించి మూడేళ్ళే అయింది, ఉత్తరం గోడ పచ్చగా పాచి పట్టేసింది, సన్‌షేడ్ల కింద నల్ల చారలు దిగాయి, పెయింటరేమో యాసిడ్ కొట్టి మొత్తం మళ్ళీ వేయాలంటున్నాడు, ఏం చేయమంటారు అని కదా అడిగారు. ఇప్పుడే రంగు వద్దండి. యాసిడ్ అసలే వద్దు. బాత్రూములు కడిగే ఆ యాసిడ్ పాచితో పాటు సిమెంటునీ తినేస్తుంది. గరుకెక్కిన గోడ మీద పాచి ఇంకా తేలిగ్గా పడుతుంది. మాది కాకినాడ. ఉప్పుగాలి, పెరట్లో కొబ్బరిచెట్ల నీడ, దాంతో ఈ గోల మాకు ఏటా ఉండేదే. కడిగితే పోయేదానికి రంగు డబ్బాలు కొననక్కర్లేదు.

ముందు అదేమిటో తేల్చుకోండి. కాస్త బ్లీచింగ్ నీళ్ళు గుడ్డతో నల్ల మచ్చ మీద అద్ది ఐదు నిమిషాలు చూడండి. వెలిసిపోతే నాచో బూజో అన్నమాట. ఎంతకీ మారకపోతే దుమ్ము, పొగ మసి. దానికి సర్ఫు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. నాచంటే పచ్చగానే ఉంటుందనుకోకండి. ఎండ తట్టుకోడానికి నల్లటి పొర కప్పుకునే రకాలున్నాయి, ఇటుక రంగులో మరకలా కనిపించేదీ ఉంది. గోడ అడుగున తెల్లగా పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది చౌడు. దాని మీద నీళ్ళు కొట్టకండి, పొడి బ్రష్షుతో దులిపి చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి.

ఉత్తరం గోడకే ఎందుకంటే, సెప్టెంబరు ఆఖరు నుంచి మార్చి దాకా దానికి నేరుగా ఎండ తగలదు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం నుంచి కొట్టే వాన సరిగ్గా దాన్నే తడుపుతుంది. తడిసింది ఆరదు. వాస్తు గీస్తు కారణం కాదు.

కడిగే పద్ధతి చెప్తాను. ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల నీళ్ళకి అర కిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఓ గంట కదపకుండా ఉంచండి. అడుగున సున్నం పేరుకుంటుంది. పైన తేరిన నీళ్ళే వాడాలి, లేకపోతే గోడకు తెల్ల మచ్చలు, పంపు నాజిల్‌కి అడ్డు. పౌడర్ కొత్తది కొనండి. నిరుడు విప్పిన పాకెట్‌లో వాసనే మిగలదు, ఇక పని ఎక్కడ చేస్తుంది? మొక్కలకు మందు కొట్టే ప్లాస్టిక్ చేతిపంపుతో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టాలి, ఎండలో కొడితే పని చేసేలోపే ఆరిపోతుంది. కింది నుంచి పైకి తడుపుతూ వెళ్ళండి, పావుగంట ఆగి నైలాన్ బ్రష్షుతో రుద్దండి, పైనుంచి కిందికి మంచినీళ్ళతో కడిగేయండి. ఇనుప బ్రష్షు వాడితే రంగు లేచిపోతుంది. ముందుగా ఓ మూల కొట్టి చూసుకోండి, ముదురు రంగులు కొన్ని వెలుస్తాయి. తులసి, కరివేపాకు మొక్కల్ని ముందే బాగా తడిపి పట్టా కప్పండి. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలిపారంటే విషవాయువు వస్తుంది, ఈ మాట పనివాళ్ళకి కూడా గట్టిగా చెప్పండి. కరెంటు మీటరు, సర్వీసు వైరు దగ్గర నీళ్ళు కొట్టొద్దు. మేడ ఎత్తుకి మీరు నిచ్చెన ఎక్కకండి, పరంజా కట్టే వాళ్ళని పిలవండి.

కార్లు కడిగే ప్రెషర్ మెషిన్ తెప్పిస్తామంటారు చాలామంది. వాడొచ్చు, కానీ నాజిల్ దగ్గరగా పెట్టి సూదిలా కొడితే పుట్టీతో సహా ఊడొస్తుంది, పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. పైగా పాచిని చంపకుండా కొట్టేస్తే సందుల్లో మిగిలింది వచ్చే వానకి మళ్ళీ లేస్తుంది.

అసలు సంగతి చారల దగ్గరుందండి. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరిగి, గోడ మీద నీళ్ళు ఎక్కడ జారుతున్నాయో చూడండి. పిట్టగోడ పైభాగం వాలు బయటికుంటే దాని మీద పడ్డ దుమ్మంతా చారలై దిగుతుంది. వాలు డాబా లోపలికి ఉండేలా మేస్త్రీ చేత సిమెంటు చేయించండి. సన్‌షేడ్ అంచు కింద గాడి లేకపోతే నీళ్ళు చుక్కగా రాలకుండా అడుగునే పాకి గోడ పట్టుకుంటాయి. కట్టేటప్పుడు వదిలేసినా, ఇప్పుడు అంచున పీవీసీ పట్టీ ఒకటి సీలెంట్‌తో అంటిస్తే సరిపోతుంది. మా ఇంట్లో పెద్ద చార ఒకటి ఏసీ నీళ్ళ గొట్టం వల్ల వచ్చింది, ఏసీ పెట్టినతను గొట్టాన్ని గోడకే ఆనించి వదిలేశాడు. ట్యాంకు నిండి పొర్లే గొట్టం కూడా చూసుకోండి. గోడకు ఆనుకుని పూలకుండీలు ఉంటే రెండడుగులు ఇవతలికి జరపండి. అడుగున ఎర్రమట్టి చిందుతుంటే గోడ పొడుగునా కంకర పోయించండి.

మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు ఏటా సున్నంలో నీలిమందు కలిపి కొట్టేవాళ్ళు. కొత్త సున్నం ఘాటుకి పాచి బతికేది కాదు, బతికినా మళ్ళీ పండగకి మళ్ళీ సున్నం. ఇప్పటి ఎమల్షన్లలో పాచి మందు కలిపే అమ్ముతున్నారు గానీ, రోజూ నీళ్ళు కారే చోట అది ఎన్నేళ్ళో ఆగదు.

జనవరిలో వానలు తేలాక కడిగించి, పది రోజులు ఆరనిచ్చి, అరచేత్తో గోడ రాసి చూడండి. చేతికి పొడి అంటితే రంగు పాతబడినట్టే, అప్పుడు వేయించండి. అంటకపోతే పెయింటర్‌కి రెండేళ్ళ తర్వాత రమ్మనండి.