నోటిమాట కౌలు... పంట మునిగితే పరిహారం ఎవరికి?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి వేశాను. కౌలుకు కాగితం లేదు, నోటిమాటే. తుపాను రాత్రి వాగు పొంగి, పొట్ట మీదున్న చేను నాలుగు రోజులు నీళ్లలో ఉంది. చావిడి కూలి పాడిగేదె చనిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పొలం యజమాని పేరు రాసుకుపోయారు. నాకేమైనా వస్తుందా?

జవాబు: రావాలి. కానీ జాబితా ఖరారు కాకముందే మీరు కదలాలి.

ఇన్‌పుట్ సబ్సిడీ ఇచ్చేది పంట నష్టానికి. ఆ నష్టం మీది. సాగుచేసిన కౌలు రైతుకు పంట నష్ట పరిహారం చెందాలని ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టమే చెబుతోంది. చిక్కల్లా ఆ చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కుల కార్డు (సీసీఆర్సీ) దగ్గరే. దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందని చాలామంది భయం. ఆ కార్డు గడువు 11 నెలలే, దానివల్ల భూమిపై మీకు ఏ హక్కూ రాదు. ఈ సంగతి యజమానికి పెద్దమనుషుల సమక్షంలో నెమ్మదిగా చెప్పి చూడండి. కేసు పెడతానని బెదిరిస్తే వచ్చే ఏడు పొలమే ఉండదు.

ఈలోగా రైతు సేవా కేంద్రానికి వెళ్లి, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో నమోదుచేసే ఈ-క్రాప్‌లో సాగుదారుగా ఎవరి పేరుందో చూడండి. మీ పేరు లేకపోతే తహసీల్దారుకు, మండల వ్యవసాయాధికారికి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. సర్వే నంబరు, ఎకరాలు, మునిగిన తేదీ రాయండి. ఎరువుల బిల్లులు, దమ్ము చేసిన ట్రాక్టరుకు ఫోన్‌లో పంపిన డబ్బు వివరం, గట్టు పక్క రైతుల సంతకాలు జతచేయండి. రెండో ప్రతి మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రేపు హైకోర్టులో లాయరుగా నేను చూపించలేను.

ఎంత వస్తుందంటే, 33 శాతం, ఆపైన పంట పోతేనే లెక్కలోకి వస్తుంది. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు. మీ మూడెకరాలకు సుమారు 20,400. రాష్ట్రం దీనికి కలిపి ఇవ్వొచ్చు. 2024 బుడమేరు వరదప్పుడు వరికి హెక్టారుకు 25,000 ప్రకటించారు.

గేదె సంగతి ఆలస్యం చేయొద్దు. పాడిగేదెకు అదే ప్రమాణంలో 37,500 ఉంది, అంటే మీ పంటకు వచ్చేదానికంటే ఎక్కువ. కళేబరాన్ని పూడ్చేముందే పశువైద్యుణ్ణి పిలిచి పోస్టుమార్టం చేయించాలి. ఇప్పటికే పూడ్చేసి ఉంటే, చెవి ట్యాగ్ నంబరు, ఫొటోలు, పాలకేంద్రం పుస్తకం పట్టుకుని ఈరోజే ఆయన్ని కలవండి. చావిడికి 3,000 వస్తుంది, కూలిన గోడను ఎత్తకముందే ఫొటో తీయండి.

డబ్బు ఇప్పటికే యజమాని ఖాతాలో పడి ఉంటే లీగల్ నోటీసు ఇవ్వాల్సి రావొచ్చు. దానికి ఫీజు ఎక్కడిదని దిగులు పడకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద వరద బాధితులకు లాయరును ఉచితంగా ఇస్తారు. మండల న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి.