సైటు మీదే, మరి పట్టా ఎవరిది?

చిన్న దుకాణాల వెబ్‌సైట్ల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులివి.

ప్రశ్న: మాది నారాయణపేట, చేనేత చీరల దుకాణం. రాయచూరు, హైదరాబాద్ నుంచి కూడా గిరాకీ వస్తది, ఎక్కువగా వాట్సాప్‌లోనే. వెబ్‌సైటు పెడదామంటే ఒకాయన పది పేజీలు, కార్టు, ఆన్‌లైన్ పేమెంటు అన్నీ పెట్టాలంటున్నడు. ఇవన్నీ మాకు అవసరమా?

జవాబు: కార్టు, అంటే సైటులోనే సరుకు ఎంచుకుని డబ్బు కట్టే ఏర్పాటు, ఇప్పుడే వద్దు. చేనేతలో ఒకే రంగు, ఒకే అంచు ఉన్న చీరలు ఒకటో రెండో ఉంటాయి. పొద్దున దుకాణంలో అమ్ముడైన చీరను సైటులోంచి తీయడం మరిచిపోతే, సాయంత్రానికి ఎక్కడో ఎవరో దానికే డబ్బు కట్టేస్తారు. ఇక డబ్బు వాపసు, సంజాయిషీ, ఆపైన ఒక్క స్టారు రేటింగు. ఒకే రకం సరుకు పదుల సంఖ్యలో నిలవ ఉండేవారికి కార్టు పనికొస్తుంది. పైగా ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీకు చేర్చే పేమెంట్ గేట్‌వే కంపెనీ ప్రతి అమ్మకం మీదా సుమారు 2 శాతం తీసుకుంటుంది, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ.

మీకు నాలుగు పేజీలు చాలు: ముందు పేజీ, చీరలు, దుకాణం చిరునామా, ఆర్డరు షరతులు. వీటిలో ఏం రాయాలో సైటు చేసేవారు చెప్పలేరు, మీ ఫోను చెబుతుంది. ఒక నోటుబుక్కు తీసుకుని, వాట్సాప్‌లో చివరి 50 మంది ఏమేం అడిగారో రాయండి. ధర ఎంత, నూలుదా పట్టుదా, జాకెట్టు ముక్క ఉందా, రంగు దిగుతుందా, కొరియర్ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో వస్తుంది... ఎక్కువ మంది అడిగినవాటికి జవాబులు ఈ పేజీల్లోనే కనబడాలి. ధర దాచొద్దు. ‘ధరకు ఫోన్ చేయండి’ అని రాస్తే చాలామంది ఫోన్ చేయరు, పక్క సైటుకు పోతారు.

ప్రతి చీరకూ ఒక నంబరు ఇవ్వండి. ఫొటో కింద వాట్సాప్ బటన్ పెట్టించి, అది నొక్కగానే ‘41వ నంబరు చీర ఉందా?’ అన్న వాక్యం దానంతటదే వచ్చేలా చేయించండి. ఆ లింకులో దేశం కోడు 91 తర్వాత మీ పది అంకెలు మాత్రమే ఉండాలి. ముందు ప్లస్ గుర్తో సున్నానో చేరిస్తే లింకు పనిచేయకపోవచ్చు. సైటు మీ చేతికి వచ్చిన రోజే, ఇంట్లో వేరేవాళ్ల ఫోను నుంచి నొక్కి చూడండి.

ఇక ఫొటోలు. చీరల సైటు నిలిచినా పడినా వీటితోనే. ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గర పగటి వెలుగులో తీయండి. ట్యూబులైటు ఆర్పేయండి. రెండు వెలుగులు కలిస్తే కెమెరాకు రంగు తప్పుతుంది, మెరూన్ చీర ఎరుపుగా పడుతుంది, చీర వాపసు వస్తుంది. చీరకు నాలుగు ఫొటోలు: మొత్తం, అంచు, కొంగు, దగ్గరి నుంచి నేత. ఫోనులో తీసిన ఒక్కో ఫొటో 3 నుంచి 5 ఎంబీ దాకా ఉంటుంది. అట్లాంటివి 20 ఒకే పేజీలో పెడితే 60 ఎంబీ దాటుతుంది, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫైలు రూపంలో ఒక్కోటి 150 కేబీ లోపు ఉండేలా చేయించండి, అప్పుడు 20 ఫొటోలు కలిపినా 3 ఎంబీయే. సైటు చేసేవారికి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేదంటే దారిలోనే నాణ్యత పోతుంది.

ముందు పేజీలో ఒకదాని తర్వాత ఒకటి జరిగే బొమ్మల స్లైడరు పెడతామంటే వద్దనండి. రెండో బొమ్మ వచ్చేదాకా ఎవరూ ఆగరు. ఫోను తెరవగానే ఏం అమ్ముతారు, ఏ ఊరు, ఏ నంబరు అన్నవి కనబడితే చాలు.

నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కాబట్టి, మరమగ్గం చీరను ఆ పేరుతో పెట్టకండి. సైటులో ఆర్డర్లు తీసుకుంటే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, ఫోను రాయాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. రాయచూరంటే కర్ణాటక. రాష్ట్రం దాటి వెళ్లే సరుకుకు జీఎస్టీ నమోదు నియమం వేరు, చేనేతకు, హస్తకళలకు సడలింపులున్నాయి. మీకు ఏది వర్తిస్తుందో ఆడిటరును అడిగాకే పంపండి.

ప్రశ్న: నల్లగొండలో సకినాలు, గారెలు, అరిసెలు చేసి అమ్ముతాను. డీటీపీ సెంటర్లో తెలుగులో టైపు చేయించిన వివరాలు సైటులో పెడితే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

జవాబు: చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లతోనే కొడతారు. వాటిలో లోపల ఉండేది ఇంగ్లిష్ కోడే, ఫాంటు దానికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని ఫోనులో తొడుగు ఊడిపోతుంది. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల కోడులోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు, అంకెలు, కామాలు తప్పకుండా సరిచూసుకోండి. నాలుగైదు పేజీలే అయితే ఫోనులోని తెలుగు కీబోర్డుతో కొత్తగా కొట్టుకోవడమే తేలిక. కొందరు తోచక బ్రోచరునే బొమ్మగా పెట్టేస్తారు. అందులో రాసింది గూగుల్‌కు సరిగా అందదు, ఫోనులో చదవబుద్ధీ కాదు.

అక్షరం 17, 18 పిక్సెళ్లు ఉండాలి. వరుసల మధ్య ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లకు తగ్గొద్దు, తగ్గితే కింది ఒత్తులు తర్వాతి వరుస మీద కూర్చుంటాయి. ‘నల్లగొండ సకినాలు’ అని వెతికేవారు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు, అందుకే పేజీ శీర్షికలో రెండు లిపులూ ఉంచండి. తినే సరుకు కాబట్టి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, ఏ నూనెలో వేయించారు, కిలోకు సుమారు ఎన్ని వస్తాయి, ఎన్ని రోజులు నిలవుంటాయి అన్నవి ఫొటో పక్కనే రాయండి.

ప్రశ్న: మిర్యాలగూడలో మోటార్ల రిపేరు దుకాణం మాది. మూడేళ్ల కింద సైటు చేసినాయన ఇప్పుడు ఫోను ఎత్తడు. వచ్చే నెల పేరు గడువు అయిపోతదట. ఏం చేయాలె?

జవాబు: సైటు పేరు అంటే జాగా లాంటిది, డబ్బు మీరు కట్టినా పట్టా ఆయన పేరునే ఉండి ఉంటుంది. ‘హూయీజ్’ సైట్లలో మీ డొమైన్ (సైటు) పేరు కొడితే ఏ కంపెనీ దగ్గర నమోదైందో, గడువు ఏ తేదీనో కనబడుతుంది. ఆయన దొరికితే గొడవ తర్వాత, ముందు రెన్యూవల్ కట్టించండి. ఆపైన అదే కంపెనీలో మీ పేరున ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి మార్పించుకోండి, అదే సులువు. వేరే కంపెనీకి తీసుకెళ్లాలంటే పేరు బయటికి పోకుండా వేసిన లాక్ తీయించి, మార్పుకు కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడు అడగాలి.

ఆయన దొరకకపోతే కొత్త పేరు కొనుక్కోవడమే నయం. గడువు దాటి చాలా రోజులైన పేరును వెనక్కి తెచ్చుకోవాలంటే జరిమానా రుసుము గట్టిగానే ఉంటుంది, అదీ ఖాతా ఎవరిదో వారే కట్టాలి. కొత్త పేరు కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫరు ధరతో పాటు రెండో ఏడాది రెన్యూవల్ ధర కూడా చూడండి. ఖాతాకు ఇచ్చే ఈమెయిలు, ఓటీపీ వచ్చే ఫోను మీవే కావాలి, దుకాణంలో పనిచేసే పిల్లగాడివి ఇవ్వకండి. పేరు మారిన రోజే గూగుల్ మ్యాప్స్‌లోని మీ దుకాణం వివరాల్లో, విజిటింగ్ కార్డుల్లో, బోర్డు మీద సైటు పాత పేరు తీసేసి కొత్తది పెట్టండి.