మిద్దె మీద అరగంట ఒంటరిగా కూర్చుంటే డిప్రెషనేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, స్కూల్ టీచర్‌ని. కర్నూలులో ఎనిమిది మంది ఉన్న ఉమ్మడి కుటుంబం. ఏడాదిగా రోజూ సాయంత్రం ఫోన్ కింద పెట్టేసి, మిద్దెక్కి అరగంట ఒక్కదాన్నే కూర్చుంటున్నా. ఏమీ చేయను, తుంగభద్ర వైపు చూస్తూ కూర్చుంటా, అంతే. మా ఆయన డిప్రెషనేమో అంటున్నారు. పొద్దున్నే గంటసేపు తులసికోట దగ్గర పలకకుండా కూర్చునే మా అత్తమ్మేమో, గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దాం అంటోంది. నాకేమైనా జబ్బా డాక్టర్ గారూ?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి జబ్బులా లేదమ్మా. ఒక్క ప్రశ్న మీకు మీరే వేసుకోండి: మిద్దె దిగి వచ్చేటప్పుడు మనసు తేలికగా ఉంటోందా, ఎక్కినప్పటికంటే బరువుగా ఉంటోందా? తేలికగా ఉంటే అది మీకు విశ్రాంతి.

పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెట్టింది మొదలు, క్యారియర్లు, క్లాసులో అరుపులు, ఇంటికొస్తే పిల్లల హోంవర్కు, ఇలా రోజంతా ఎవరికో ఒకరికి బదులు చెబుతూనే ఉండే మనిషికి ఆ హడావుడి ఒంట్లో అంత తొందరగా దిగదు. 2018లో వచ్చిన కొన్ని పరిశోధనల్లో, పదిహేను నిమిషాలు ఒంటరిగా కూర్చున్నవాళ్లలో కోపం, టెన్షన్ లాంటివి తగ్గాయి, అయితే ఉత్సాహం కూడా తగ్గింది, అంటే మనసు మొత్తంగా నెమ్మదించింది అన్నమాట. ఇష్టపడి కూర్చున్నవాళ్లకే మేలు ఎక్కువ. ఎవరూ పలకరించక ఒంటరైపోవడం వేరే సంగతి, అది ఆరోగ్యానికి నిజంగానే చేటు.

ఊరికే కూర్చోవడం అందరికీ సులువు కాదు కూడా. 2014లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు, గదిలో పదిహేను నిమిషాలు ఖాళీగా కూర్చోమంటే, 18 మంది మగవాళ్లలో 12 మంది కూర్చోలేక తమకు తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకున్నారు! నేనూ ఓపీ అయ్యాక ఇంటి ముందు కారాపి పది నిమిషాలు అలాగే ఉండిపోతా, మా ఆవిడ గేటు దాకా వచ్చి తొంగిచూసి వెళ్తుంది. మొదట్లో నాకూ చేయి ఫోన్ మీదికే పోయేది. రీల్స్ చూస్తూ కూర్చుంటే అది ఒంటరిగా ఉన్నట్టు కాదు.

అయితే మీ ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులు, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి చెడటం, ఎందుకూ పనికిరానన్న ఆలోచన, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు, పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. చనిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ అక్కర్లేదు. దిగులేమీ లేకుండా నీరసం మాత్రమే ఉంటే ముందు డాక్టరుకు చూపించుకుని థైరాయిడ్, హిమోగ్లోబిన్ లాంటి పరీక్షలు చేయించుకోండి.

తాయెత్తు గురించి అత్తమ్మతో గొడవొద్దు. "నీకు తులసికోట ఎట్లనో నాకు మిద్దె అట్ల" అని చెప్పి చూడండి. ఎండాకాలంలో మాత్రం మన కర్నూలు మిద్దెలు పొద్దుగూకినా సెగలు కక్కుతుంటాయి కాబట్టి నాలుగు బిందెల నీళ్లు చల్లి, ఇంకాస్త చీకటి పడ్డాక ఎక్కండి.