సముద్రపు మొసళ్ళ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. జురాసిక్ సముద్రాల్లో తిరిగిన మొసలి బంధువులను ఎంచుకోవడం బాగుంది. కానీ మొదటి పేజీలోనే ‘భయంకర’, ‘రాక్షస’ అనే విశేషణాలు అన్నేసి దొర్లడం చూస్తే, ఆ జంతువు పాఠకుడికి కనబడకముందే నువ్వు బెదిరిపోయావనిపించింది.

డాకోసారస్ ఆండినియెన్సిస్‌నే తీసుకో. అర్జెంటీనాలోని న్యూకెన్ ప్రాంతంలో దొరికిన దాని పుర్రె వివరాలు 2006 ప్రాంతంలో వెలువడినప్పుడు దానికి గాడ్జిల్లా అన్న ముద్దుపేరు వచ్చింది, నువ్వూ దాన్నే శీర్షికగా పెట్టావు. దగ్గరి బంధువుల్లో చాలావాటి మూతులు సన్నగా సాగి ఉంటే దీనిది పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది. పళ్ళ అంచులకు రంపపు కక్కులు ఉంటాయి. ఈ రెండు వివరాలూ వరసగా చెబితే, ఇది చిన్న చేపలతో సరిపెట్టుకోక పెద్ద జంతువుల మాంసం కోసుకు తినేదన్న సంగతి పాఠకుడికే తడుతుంది.

‘ఇవి సముద్రానికి అలవాటు పడ్డాయి’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు విషయమంతా అక్కడే ఉంది కదా! వీటిలో రెండు వర్గాలున్నాయి. టెలియోసార్లు ఒంటిమీది ఎముక పలకలను నిలుపుకొని ఎక్కువగా తీరజలాల్లో బతికితే, డాకోసారస్ చేరిన మెట్రియోరింకిడ్లు వాటిని పూర్తిగా వదులుకున్నాయి. వాటి కాళ్ళు తెడ్లుగా మారాయి. తోక చివర వెన్నుపూసలు కిందికి వంగి, తోక రెక్క కింది భాగాన్ని మోశాయి. పై భాగంలో ఎముక లేదు, ఉన్నది మెత్తని కణజాలమే. సొరచేపలో వెన్నెముక పై భాగంలోకి పోతుంది, ఇక్కడ అది తలకిందులైంది. నేటి ఉప్పునీటి మొసలి ఒంట్లోని అదనపు ఉప్పును నాలుక మీది గ్రంథుల ద్వారా విసర్జిస్తుంది. మెట్రియోరింకిడ్లలో ఒకటైన క్రికోసారస్‌కు ఆ గ్రంథులు కళ్ళకు ముందు, పుర్రె లోపల ఉండేవి. గ్రంథి కుళ్ళిపోయినా దాని ఆకారం రాతిలో అచ్చుగా మిగిలింది. ఇలాంటి చోట ఒక పేరా ఎక్కువైనా ఫరవాలేదు.

మెట్రియోరింకిడ్లు నీటిలోనే పిల్లలను కన్నాయని ఖాయంగా రాశావు. కటి ఎముకల వెడల్పును బట్టి చేసిన ఊహ అది. ‘కని ఉండవచ్చు’ అను.

ఇవి గ్రహశకలం వల్ల అంతరించాయన్న చివరి పేరా తీసేయి. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పడిన గ్రహశకలానికీ వీటికీ సంబంధం లేదు, ఈ రెండు వర్గాలూ అంతకు ఎంతో ముందే, జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ యుగం తొలి భాగంలోనే కనుమరుగయ్యాయి. ఆ విపత్తును దాటి బతికిన సముద్రపు మొసలి బంధువులు డైరోసార్లు. అవి వేరే శాఖవి, వాటికి మరో వ్యాసం రాయి.