ఆపరేషన్ కంటే ఆలస్యానికే నాకు భయం

మీ అమ్మగారికి గాల్‌బ్లాడర్‌లో (పైత్యరసం నిల్వ ఉండే సంచిలో) రాళ్లున్నాయని, ఆపరేషన్‌లో ప్రాణం పోతుందేమోనని బంధువులు భయపెడుతున్నారని రాశారు. మా మేనమామ సంగతి చెబుతాను.

మాది తెనాలి దగ్గర పల్లె. మామయ్యకు 62 ఏళ్లు, షుగర్. రెండేళ్లపాటు భోంచేసిన గంటకల్లా కుడి డొక్కలో నొప్పి మొదలై భుజం దాకా పాకేది. గ్యాస్ అనుకుని వాము నమిలేవాడు. మన ఇళ్లలో గుండెనొప్పి వచ్చినా గ్యాసే అంటారు, ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. చివరికి స్కాన్‌లో రాళ్లు కనిపించాయి. డాక్టర్ ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఎదురింటాయన మాత్రం కొండపిండాకుతో తన రాళ్లు పడిపోయాయన్నాడు. ఆయనవి కిడ్నీ రాళ్లు! అవి మూత్రంలో పోతాయి. గాల్‌బ్లాడర్ రాళ్లకు ఆ దారి లేదు. కదిలితే పైత్యరసం దిగే గొట్టంలో ఇరుక్కుంటాయి.

మామయ్యకు అదే జరిగింది. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందు పోయించి, చప్పిడి పథ్యం పెట్టారు. నాలుగో రాత్రి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయేంత వణుకు. నేను వెళ్లేసరికి అత్తయ్యను పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటున్నాడు. గుంటూరు తీసుకెళ్లాం. గొట్టం నిండా చీము. నోటి ద్వారా ఎండోస్కోపీ వేసి, రాయి తీసి, దారి మూసుకోకుండా స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టారు. అప్పటికే ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసింది. బీపీ నిలబడలేదు, కిడ్నీలు ఆగిపోయాయి. మూడో రోజు పోయాడు. ఊళ్లో ఇప్పటికీ "ఆపరేషన్ చేస్తే పోయాడు" అంటారు. ఆయనకు కడుపు కోయనే లేదు, ఆ సమయం మేమే దాటబెట్టాం.

ముందుగా అనుకుని చేసే లాపరోస్కోపీలో, అంటే చిన్న గాట్ల గుండా గాల్‌బ్లాడర్‌ను తీసేసే ఆపరేషన్‌లో, చనిపోయేది వెయ్యి మందిలో ఒకరిద్దరు, మహా అయితే ముగ్గురు. పైత్యరసం దిగే గొట్టానికి దెబ్బ తగిలే ప్రమాదం వెయ్యికి మూడు నుంచి ఐదు. అది చిన్న విషయం కాదు, అందుకే చెయ్యి తిరిగిన సర్జన్‌ను వెతకండి. వయసు, గుండె జబ్బు ఉంటే ప్రమాదం పెరుగుతుంది. చీము పట్టాక, ఎమర్జెన్సీలో చేస్తే ఇంకా పెరుగుతుంది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఆసుపత్రులంటే భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేశాడు. గాల్‌బ్లాడర్ కుళ్లే దశలో 1987 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆపరేషన్ చేస్తే మర్నాడే చనిపోయాడు. 58 ఏళ్లు.

నొప్పే లేకుండా వేరే స్కాన్‌లో బయటపడిన రాళ్లయితే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. అలాంటివాళ్లకూ కత్తి పెడతామనే చోట ఇంకో డాక్టర్ని అడగండి.

మా అమ్మకూ నొప్పితో కూడిన రాళ్లే ఉన్నాయి. అన్న పోయిన దుఃఖంలో "నన్నూ చంపుతారా" అని ఏడ్చింది. పెద్దకర్మ అయిన నెలకు ఒప్పించాం. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు. మూడో రోజు ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నది.

మీ అమ్మగారికి నొప్పి ఎన్నాళ్లుగా వస్తోంది? జ్వరం, కళ్ల పచ్చదనం ఉంటే జవాబు రాయొద్దు, ఈ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.