పసుపు మాత్రలు మొదలుపెట్టి అసలు మందు మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి మూడేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది. పేగు వాపును అణిచే మెసలమిన్ మాత్రలు వాడుతున్నాడు, ఏడాదిగా బాగానే ఉన్నాడు. ఈమధ్య ఎవరో చెప్పారని పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ మాత్రలు తెచ్చుకున్నాడు, ఇక ఇంగ్లిషు మందు మెల్లగా మానేస్తానంటున్నాడు. ఈ జబ్బులో మూలికల మీద నిజంగా పరీక్షలు జరిగాయా, లేక అంతా ప్రచారమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక అక్క

జవాబు: జరిగాయమ్మా. మీ తమ్ముడు విన్నది అబద్ధం కాదు, కాకపోతే సగమే విన్నాడు.

2006లో జపాన్‌లో జబ్బు అణిగి ఉన్న 89 మందిని తీసుకుని, కొందరికి రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఆరు నెలలు ఇచ్చారు. కర్క్యుమిన్ వేసుకున్న 43 మందిలో ఇద్దరికి జబ్బు తిరగబెట్టింది, ఉత్తుత్తి మందు వేసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి. బాగుంది కదా! అయితే వాళ్లందరూ మెసలమిన్ గానీ, దాని పాత చుట్టం సల్ఫాసలజీన్ గానీ మానకుండా వేసుకుంటూనే ఉన్నారు. అంటే ఆ పరీక్ష కర్క్యుమిన్‌ని అసలు మందుకు తోడుగా పెట్టి చూసింది, దాని బదులు పెట్టి కాదు. 2015లో వచ్చిన ఇంకో పరీక్షలోనూ అంతే: మెసలమిన్ ఒక్కదానికీ లొంగని 50 మందికి దాన్ని ఆపకుండానే రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్ కలిపారు. నెల తిరిగేసరికి 26 మందిలో 14 మందికి లక్షణాలు అణిగాయి, ఉత్తుత్తి మందు వేసుకున్న 24 మందిలో ఒక్కరికీ అణగలేదు.

మోతాదు సంగతి కూడా చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకి 450 మిల్లీగ్రాములే ఇచ్చి చూసినప్పుడు ఉత్తుత్తి మందుకీ దానికీ తేడా కనబడలేదు. మరి వంటింటి పసుపే తింటే పోలా అని అడుగుతారు చాలామంది. పసుపులో కర్క్యుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్ల చుట్టుపక్కలే, కాబట్టి 2 గ్రాములు రావాలంటే రోజూ 60 గ్రాములకు పైగా పసుపు మింగాలి. ఎవరి వల్లా కాదు.

కాబట్టి తమ్ముడితో గొడవ పడకండి. కావాలంటే డాక్టరుకు చెప్పి తోడుగా వేసుకోమనండి, మెసలమిన్ మాత్రం మానొద్దనండి. ఒకటి గుర్తుంచుకోండి, మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన కర్క్యుమిన్ మాత్రల వల్ల కొందరికి కాలేయం దెబ్బతింది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అవి వెంటనే ఆపి రక్తపరీక్ష చేయించాలి.

ప్రశ్న: ఎలుకల్లో కొలైటిస్‌ని తగ్గించే మొక్కల గురించి వారానికొక వార్త చదువుతున్నాను. అన్ని మొక్కలు పనిచేస్తుంటే అవి మందుల షాపు దాకా ఎందుకు రావడం లేదు? కంపెనీలు తొక్కిపెడుతున్నాయా?
- బయాలజీ చదివే విద్యార్థి

జవాబు: ముందు ఎలుకకు ఆ జబ్బు ఎలా తెప్పిస్తారో తెలుసుకోండి. ఎక్కువగా వాడే పద్ధతిలో తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం అనే రసాయనం కలుపుతారు. వారం తిరక్కుండా పెద్దపేగు లోపలి పొర చిట్లి, రక్త విరేచనాలు మొదలవుతాయి. ఆ నీళ్లు మార్చేస్తే చాలావరకు దానంతటదే మానిపోతుంది కూడా. మనిషిలో జబ్బు అలా రాదు. జన్యువులు, పేగుల్లోని సూక్ష్మజీవులు, దారి తప్పిన రోగనిరోధక శక్తి అన్నీ కలిసి ఏళ్ల తరబడి నడిపిస్తాయి, మార్చేయడానికి ఆ నీళ్లేవో మనకు తెలియదు. అందుకే ఎలుకలో గెలిచినవాటిలో ఎక్కువ భాగం మనిషి దగ్గర ఓడిపోతాయి.

తొక్కిపెట్టడం అంటారా, నేలవేము కథ వినండి. ఒక కంపెనీయే దాని సారాన్ని మాత్రగా చేసి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 224 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షించింది. ఎక్కువ మోతాదు, అంటే రోజుకి 1800 మిల్లీగ్రాములు, తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి మెరుగైంది. ఆ ఉత్సాహంతో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. మధ్యలో లెక్కలు తీసి చూస్తే తేడా తేలే అవకాశం కనబడక 2014లో ఆపేశారు. డబ్బు పెట్టినవాళ్లే ఆపుకున్నారు!

ఆ మొదటి పరీక్షలోనే ఒక అంకె ఉంది, వార్తల్లో దాన్ని ఎవరూ రాయరు. ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్లలోనూ 40 శాతం మందికి మెరుగైంది. ఈ జబ్బు స్వభావమే అది, ఎగుస్తుంది, తగ్గుతుంది. బాగా ఎగిసినప్పుడే మనం కొత్త మందు వెతుక్కుంటాం, అది దాని లెక్క ప్రకారం తగ్గే సమయానికి చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది. పక్కన ఉత్తుత్తి మందు గుంపు లేకుండా "వంద మందికి ఇచ్చాం, నలభై మంది బాగుపడ్డారు" అంటే దానర్థం ఏమీ లేదు.

శల్లకి చెట్టు బంక (బోస్వెల్లియా) గురించి కూడా చాలామంది రాస్తుంటారు కాబట్టి ఒక్క ముక్క. పేగుల్లో ఎక్కడైనా వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు అణిగి ఉన్నవాళ్లకు ఏడాది పాటు ఇచ్చి చూశారు, తిరగబెట్టకుండా ఆపడంలో ఉత్తుత్తి మందు కంటే ఏమీ మెరుగు కాదని 2011లో తేలింది.

ప్రశ్న: నాకు క్రోన్స్ జబ్బు. పనిచేయకపోతే పోయె, ఆకులూ అలములూ సహజమైనవే కాబట్టి నష్టం ఉండదని నా నమ్మకం. రెండు నెలలు నామీద నేనే ప్రయోగం చేసుకుందామనుకుంటున్నాను. పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు

జవాబు: నష్టం ఉండదన్న మాట దగ్గర ఆగుదాం. నీలిమొక్క ఆకుల నుంచి తీసే పొడి ఒకటి ఉంది, చైనా సంప్రదాయ వైద్యంలో చింగ్ దై అంటారు. 2018లో అచ్చైన జపాన్ పరీక్షలో అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 86 మందికి ఇస్తే, రోజుకి 1 గ్రాము తీసుకున్నవాళ్లలో 75 శాతం మందికి ఎనిమిది వారాల్లో మెరుగైంది, ఉత్తుత్తి మందుతో 14 శాతం లోపే. మూలికల్లో ఇంత గట్టి ఫలితం నేను వేరే చూడలేదు. కానీ ఆ పరీక్షను అనుకున్నదానికంటే ముందే ఆపేయాల్సొచ్చింది, ఎందుకంటే ఆ పొడిని సొంతంగా కొనుక్కుని ఆరు నెలలు వాడిన ఒక రోగికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగిందని బయటపడింది. అది ప్రాణం మీదికి తెచ్చే సమస్య. ఆకే, సహజమే, పనిచేసింది కూడా.

ఇక మీ ప్రయోగం. ముందు మీ డాక్టరుకు చెప్పండి. నేను పేషెంట్లను చివర్లో "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడుగుతాను, అప్పుడు మెల్లగా సంచిలోంచి ఒక డబ్బా బయటికొస్తుంది. తిట్టేవాళ్లు ఉంటారు నిజమే, అయినా చెప్పండి, ఎందుకంటే చెప్పకపోతే, రక్తపరీక్షలో కాలేయం అంకెలు పెరిగినప్పుడు వాళ్లు మీ అసలు మందునే అనుమానిస్తారు.

పేగులో ఎక్కడైనా సన్నబడిందేమో కనుక్కోండి. అలా ఉంటే ఇసబ్‌గోల్ లాంటి నీళ్లకు ఉబ్బే పీచు అక్కడ అడ్డుపడగలదు. లోహ భస్మాలు ఉన్నవి, పైన ఏముందో రాయని పొడులు అసలే వద్దు. ఇంటర్నెట్లో అమ్మే ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు, అయిదింట ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది.

మొదలుపెట్టే ముందు మలంలో, పేగు వాచినప్పుడు పెరిగే ప్రొటీన్ అయిన కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించండి, ఎనిమిది వారాల తర్వాత అదే ల్యాబులో మళ్లీ. సాధారణంగా గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు లేనట్టు, 250 దాటితే వాపు ఉన్నట్టు లెక్క. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా ఈ అంకె పెరగొచ్చు, ఆ రోజుల్లో వాటి జోలికి పోకండి. మీకు ఎంత హాయిగా అనిపించినా అంకె 600 దగ్గరే ఉంటే లోపల మంట చల్లారనట్టే, అప్పుడు కొలనోస్కోపీ చేయాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్తారు. ఒకేసారి మూడు మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో, ఏది హాని చేసిందో తెలియదు. రోజుకి ఎన్ని విరేచనాలో, రక్తం పడిందా లేదా అన్నది ఏ రోజుకారోజు రాసుకోండి, జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదు.

ఉన్న మందు మాత్రం ఒక్క పూట కూడా తగ్గించొద్దు. ఈ రెండు నెలల్లో ఎప్పుడైనా రోజుకి ఆరుసార్లో అంతకంటే ఎక్కువో రక్తంతో విరేచనాలైనా, దాంతో పాటు జ్వరం, గుండె దడ ఉన్నా, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా ప్రయోగం అక్కడితో ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి.