రోబో టీమ్ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం. రోబోకాన్ అనే రోబోల పోటీ టీమ్‌లో చేరాక రాత్రి పదయితే గానీ హాస్టల్‌కు చేరడం లేదు. సీజీపీఏ 8.3 నుంచి 7.4కు పడింది. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడుతున్నాయి. మానిపించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మానిపించకండి. ముందు ఆ టీమ్‌లో మీ అమ్మాయి చేస్తున్న పనేమిటో కనుక్కోండి.

మార్కుల సంగతి చూద్దాం. మీ యూనివర్సిటీ లెక్కలో 7.4 అంటే 69 శాతం. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు 60 శాతమో, 7 సీజీపీఏనో కటాఫ్ పెడతాయి. టెన్షన్ పడాల్సిన పరిస్థితి కాదు గానీ, ఇంకా జారితే కష్టమే. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఒక్కటీ ఉండకూడదు, హాజరు 75 శాతానికి తగ్గకూడదు. ఈ రెండు షరతుల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి.

రోబోకాన్ అంటే కాలక్షేపం కాదు. 2002 నుంచి జరుగుతున్న ఆసియా-పసిఫిక్ పోటీ అది. మన దేశంలో గెలిచిన జట్టు అక్కడికి వెళ్తుంది. 2022లో ఆతిథ్యం మనదే, ఆట లగోరి, అంటే మన ఏడుపెంకులాట. ఒక రోబో బంతి విసిరి దొంతర కూల్చాలి, రెండోది మళ్లీ పేర్చాలి, అవతలి జట్టు బంతులతో అడ్డుకుంటుంది. వీధిలో పిల్లలు ఆడేదే అయినా, మెషీన్ చేత ఆడించాలంటే నెలలు పడుతుంది.

అయితే రెజ్యూమేలో ‘టీమ్ మెంబర్’ అన్న మాటకు పెద్దగా విలువ లేదు. జట్టులో అందరూ అదే రాస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. రోబో కదలగానే దాన్ని నడిపించే చిప్, అంటే మైక్రోకంట్రోలర్, రీసెట్ అవుతోందనుకోండి. కోడ్‌లో తప్పుందని పిల్లలు రాత్రంతా వెతుకుతారు. తీరా చూస్తే, మోటార్లు ఒక్కసారిగా కరెంట్ లాగడంతో ఆ చిప్ ఉన్న బోర్డుకు వోల్టేజ్ పడిపోతోంది. ఆ పడిపోవడం క్షణంలో వెయ్యో వంతు సేపే, మల్టీమీటర్‌కు అందదు, వోల్టేజ్ మార్పును తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టాల్సిందే. దాన్ని పట్టుకుని, సరిచేసి, ఎలా చేసిందో బొమ్మ గీసి చెప్పగలిగిన అమ్మాయిని ఎంబెడెడ్ (యంత్రాల్లోని చిప్‌ల మీద పనిచేసే) కంపెనీ ఇంటర్వ్యూలో తేలిగ్గా వదులుకోరు. వందల మందిని ఒకేసారి తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర మాత్రం ఇది అంతగా పనికిరాదు. అక్కడ ముందు ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్ష గట్టెక్కాలి. దానికి రోజూ ఓ గంట కేటాయించమనండి.

ఇంకో మాట, ఇది ఆడపిల్ల తండ్రిగా మీరు తెలుసుకోవాలి. చాలా జట్లలో సోల్డరింగ్, వైరింగ్ మగపిల్లలు పట్టుకుపోతారు. రిపోర్టులు, స్పాన్సర్లకు లెటర్లు అమ్మాయిల నెత్తిన పడతాయి. మీ అమ్మాయి ఏడాదిగా అవే చేస్తుంటే, బోర్డుల పని ఇవ్వమని కెప్టెన్‌ని అడగమనండి. ఇవ్వకపోతే బయటికి రావడమే మంచిది, అందులో మొహమాటం అక్కర్లేదు.

రోబోలో వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను హాస్టల్ గదిలో ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దని కూడా గట్టిగా చెప్పండి. అవి ఉబ్బి మంటలు అంటుకునే రకం.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మార్కుల కంటే ముందు, ఈ మధ్య ఏ బోర్డు కాలింది, ఎందుకు కాలింది అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పిందంటే, పై షరతులతో పోటీ అయ్యేదాకా ఉండనివ్వండి. నాలుగో ఏడాది మొదలవగానే పనిని జూనియర్లకు అప్పజెప్పి, ప్లేస్‌మెంట్ పరీక్షల మీద కూర్చోవాలి.